తొమ్మిదిసార్లు కనిపించిన ఫోను: ఒక నిదానపు సినిమా కేస్ స్టడీ

సినిమా పేరు, ఊళ్లు, మనుషులను గుర్తుపట్టించే వివరాలు తీసేశాను. కథలోని కొన్ని వస్తువులను కూడా మార్చాను. ఏ నిర్ణయం తర్వాత ఏ నిర్ణయం తీసుకున్నామన్న వరుసను మాత్రం మార్చలేదు. ఈ కేసులో చెప్పుకోవాల్సింది అదే.

నేపథ్యం

నేను ఎడిటర్‌ని. కొన్నేళ్లుగా నన్ను ఎక్కువగా పిలుస్తున్నది సినిమా ఒకసారి కట్ అయిపోయి, కావలసినవాళ్లంతా చూసేసి, ఎవరికీ ఏం చెయ్యాలో తోచని దశలో. ఆ దశలో ఫోను చేసే నిర్మాతల గొంతు నాకు బాగా పరిచయం. "సినిమా బాగానే ఉంది సార్, కొంచెం లాగ్ ఉందంటున్నారు, ఒకసారి చూస్తారా" అంటారు. లాగ్, అంటే సినిమా సాగుతోందన్న ఫిర్యాదు, మన పరిశ్రమలో జ్వరం లాంటి మాట. ఒళ్లు కాలుతోందని అందరూ చెబుతారు, ఏ రోగం వల్లో ఎవరూ చెప్పరు.

కథ ఇది. పెద్దలు వద్దన్నా పెళ్లి చేసుకున్న ఇద్దరు. పెళ్లయి ఏడేళ్లు. అతను ఒకప్పుడు నాటకాలు రాసేవాడు. పెద్ద రచయిత అవుతాడని ఆమె నమ్మింది, ఆ నమ్మకంతోనే ఇల్లు వదిలి వచ్చింది. ఎప్పుడో, ఏ రోజని చెప్పలేని ఒక రోజు నుంచి అతను రాయడం మానేశాడు. మానేశానని అతను అనడు, మానేశావని ఆమె అనదు. ఆమె ఉద్యోగంలో పైకి వస్తుంది, అతను తన ఉద్యోగంలో అలాగే ఉంటాడు. గొడవల్లేవు, అత్తగారి ఆరళ్లు లేవు, మూడో మనిషి లేడు. చివరికి చాలా మర్యాదగా విడిపోతారు.

ప్రేమ ఓడిపోవడం తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు. 1953 నాటి 'దేవదాసు'ను ఇప్పటికీ తలుచుకుంటాం. కానీ అక్కడ జమీందారు తండ్రి ఉన్నాడు, అంతస్తుల గోడ ఉంది, ఎవరిని తిట్టుకోవాలో మనకు తెలుసు. ఈ సినిమాలో తిట్టుకోవడానికి ఎవరూ లేరు. దర్శకుడికి ఇది మొదటి సినిమా. తిట్టుకోవడానికి ఎవరూ లేకపోవడమే తన కథ అని అతనికి స్పష్టంగా తెలుసు. మాకు, అంటే నిర్మాతకూ నాకూ, అంత స్పష్టంగా తెలియదని తర్వాత బయటపడింది.

నా దగ్గరకు వచ్చినప్పటి పరిస్థితి

మొదటి కట్, అంటే ఎడిటింగు చేసి కూర్చిన మొదటి రూపం, 141 నిమిషాలు. హైదరాబాదులో ఒక ప్రివ్యూ థియేటర్లో నలభై మందికి పైగా చూశారు, సగం మంది సినిమావాళ్లే. ప్రివ్యూల్లో నేను వెనక వరుసలో కూర్చుని తెరను కాకుండా తలలను చూస్తాను. ఆసక్తి పోయినప్పుడు మొదట మెడ కదులుతుంది, తర్వాత ఒడిలో ఫోను వెలుగుతుంది. ఈ సినిమాకు ముప్పై అయిదో నిమిషంలో మొదటి ఫోను వెలిగింది, గంట గడిచేసరికి హాలు దీపావళి.

బయటికి వచ్చాక ప్రతి ఒక్కరూ దర్శకుడి భుజం తట్టారు. "పెర్ఫార్మెన్సులు అదిరాయి, ఒక ఇరవై నిమిషాలు ట్రిమ్ చేస్తే చాలు." ఏ ఇరవై నిమిషాలో ఒక్కరూ చెప్పలేదు. నేను ఒకరిద్దరిని నిలదీసి అడిగాను. ఒకరు సెకండాఫ్ అన్నారు, ఇంకొకరు ఫస్టాఫ్ అన్నారు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. నిజంగా పొడవు ఎక్కువైన సినిమాలో నలుగురి వేళ్లూ ఒకే చోటుకు పోతాయి.

మొదటి నిర్ణయం, దాని ఫలితం

అయినా కత్తిరించాను. అప్పుడు నాకు తోచిన కారణాలు ఇవి. దర్శకుడు కొత్తవాడు, తాను తీసిన ప్రతి షాటు మీదా మమకారం ఉంది, చాలా షాట్ల చివర ఒకటి రెండు సెకన్ల ఊపిరి మిగిలి ఉంది. నిర్మాత అప్పు తెచ్చిన డబ్బు మీద వడ్డీ పెరుగుతోంది. మూడో కారణం ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గు: కత్తిరించడం నాకు బాగా వచ్చిన పని. పిలిచి డబ్బిచ్చినవాళ్లకు ఏదో చేసినట్టు కనపడే పని కూడా.

పన్నెండు రోజుల్లో 141ని 112 చేశాను. ఇక్కడ పని తీరు కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాతది అర్థం కాదు. దర్శకుడు సన్నివేశాలను పొడుగు టేకుల్లో, అంటే మధ్యలో కెమెరా ఆపకుండా, తీశాడు. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటారు, కెమెరా దాదాపు కదలదు. అలాంటి టేకు మధ్యలో పది సెకన్లు తీసెయ్యాలంటే ఆ రెండు ముక్కలనూ నేరుగా అతికించలేం. మనిషి ఉన్నచోటు నుంచి ఎగిరినట్టు కనిపిస్తుంది. మధ్యలో ఇంకేదైనా ఒక షాటు వేసి ఆ అతుకును కప్పాలి. దీనికోసం ప్రతి ఎడిటరూ తీసిన సరుకులో చిన్న చిన్న క్లోజప్‌లు వెతుక్కుంటాడు. గోడ గడియారం, తిరిగే ఫ్యాను, పొయ్యి మీద పాలు. ఈ సినిమాలో అన్ని గదుల్లోనూ దొరికింది ఒక్కటే, బల్ల మీద ఉన్న ఆమె ఫోను. వెలుగు మారినా, గది మారినా నప్పేది. అతుకు పడిన చోటల్లా వాడేశాను.

రెండో ప్రివ్యూకు సినిమావాళ్లను పిలవవద్దన్నాను. బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు లెక్చరర్లు, నిర్మాత అపార్టుమెంటులో కొందరు దంపతులు వచ్చారు. మెడలు ఇరవయ్యో నిమిషానికే కదిలాయి. 29 నిమిషాలు తగ్గిన సినిమా ముందుకన్నా పొడుగ్గా అనిపించింది. విడిపోయే సన్నివేశంలో ఎవరో ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు రెండు వరుసలు పాకింది. దీపాలు వెలిగేలోపే దర్శకుడు బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు అతనికి బ్రిటిష్ దర్శకుడు డేవిడ్ లీన్ సంగతి చెప్పాను. 1945లో 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' తీశాక ఇంగ్లాండులోని రోచెస్టరులో ఒక హాల్లో ప్రివ్యూ వేశారు. మొదటి ప్రేమ సన్నివేశానికే ముందు వరుసలో ఒకావిడ నవ్వింది, తర్వాత హాలంతా నవ్వింది. లాబుకు వెళ్లి నెగెటివ్ తగలబెట్టేద్దామా అనిపించిందని లీన్ తర్వాత చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవంలో అప్పటి పెద్ద బహుమతి గ్రాండ్ ప్రిని పంచుకున్న సినిమాల్లో అదొకటి. కుర్రవాణ్ని ఓదార్చడానికే ఇది చెప్పాను. మా జబ్బుకు మందు ఆ సినిమా అల్లికలోనే ఉందని అప్పటికి తట్టలేదు.

తర్వాతి రెండు ప్రయత్నాలు

ఇవి త్వరగా చెప్పేస్తాను. మౌనాలున్న చోట సంగీతం నింపుదామన్నారు నిర్మాత. సంగీత దర్శకుడు మంచివాడు, వయొలిన్లతో మూడు చోట్ల రీరికార్డింగు చేసి చూపించాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడితే వయొలిన్ ఏడుస్తుంది, మనకు ఏడుపు రాదు. పైగా మెల్లగా పెరిగే సంగీతం ఏదో జరగబోతోందని చెబుతుంది, ఆ తర్వాత ఆమె కిటికీ వేసి వంటింట్లోకి వెళుతుంది. తీసేశాం. భర్త గొంతుతో వెనక నుంచి మాట చెప్పించడం ఇంకో ప్రయత్నం. దర్శకుడే రాశాడు, బాగా రాశాడు కూడా. నటుడి ముఖం చెబుతున్నదాన్నే గొంతు మళ్లీ చెప్పింది. రెండు రీళ్లు చూసి దర్శకుడే ఆపించాడు.

ప్రశ్న మార్చాను

ఇక్కడిదాకా మేం ప్రేక్షకులను అడుగుతున్నది ఒకటే: ఎక్కడ విసుగొచ్చింది? విసుగు ఎక్కడ మొదలైందో విసిగినవాడికి తెలియదు, ఎక్కడ భరించలేకపోయాడో మాత్రమే తెలుస్తుంది. తెలిసినవాళ్లలో పదకొండు మందిని ఇద్దరేసి, ముగ్గురేసి చొప్పున ఎడిటింగు గదికే పిలిచాను. 112 నిమిషాల కట్ వేసి, ఆరు చోట్ల ఆపి, "తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారు?" అని అడిగాను.

మొదటి ఆపులోనే ఒక పెద్దావిడ అంది: "ఏముంది బాబూ, ఆ అమ్మాయికి ఇంకెవరితోనో ఉంది." నేను ఆశ్చర్యపోయాను. ఎందుకలా అనిపించిందండీ అన్నాను. "మీరే కదా ఆ ఫోను చూపిస్తున్నారు" అంది. తర్వాత వచ్చిన కుర్రవాడికి ఏకంగా మనిషి కూడా దొరికాడు. ఆఫీసు సన్నివేశంలో రెండు మాటలు మాట్లాడే ఒక పొడుగాటి సహోద్యోగి. పదకొండు మందిలో తొమ్మిది మంది ఆ ఫోను కోసమే ఎదురుచూశారు. చివరిదాకా అది మోగలేదు. ఆ పెద్దావిడ లేచి వెళ్తూ, "అంతా చూశాం కానీ అతనెవరో చెప్పనే లేదు కదా" అని మందలించింది.

ఆ రాత్రి ఎడిటింగు కంప్యూటర్లో షాట్లన్నీ వరుసగా కనిపించే టైమ్‌లైన్ తెరిచి లెక్కపెట్టాను. మొదటి కట్‌లో ఫోను షాట్లు నాలుగు. నా కట్‌లో తొమ్మిది. అయిదు నేను చేర్చినవి. అతుకులు కప్పడానికి వేసిన గుడ్డముక్కలు కథ అయి కూర్చున్నాయి. నేను సినిమాను తగ్గించలేదు, ఇంకో సినిమాను మొదలుపెట్టి, దాన్ని ముగించకుండా వదిలేశాను. భార్య ఎవరితోనో వెళ్లిపోతుందేమోనన్న ఆ రెండో సినిమాను చూస్తున్నవాళ్లకు, ఇద్దరూ ఉప్మా తినే దృశ్యం ఆలస్యం కాక మరేమవుతుంది? లాగ్ అన్నది దానికే. సంఘటన కోసం కాచుకుని కూర్చున్నవాడికి ముప్పై సెకన్లయినా ఎక్కువే.

దర్శకుడికి ఫోను చేసి, "తమ్ముడూ, తప్పు నీది కాదు, సగానికి పైగా నాది" అన్నాను. "ఆ నాలుగు కూడా నేను తీసినవే కదన్నా" అన్నాడు. మంచి కుర్రాడు.

ఏం చేశాం

మొదట తొమ్మిది షాట్లనూ తీసేశాను. తీసెయ్యగానే అతుకులన్నీ బయటపడ్డాయి. అతుకు లేకుండా ఉండాలంటే టేకును మొత్తంగా ఉంచాల్సిందే. అలా నేను తీసేసిన నిమిషాల్లో చాలాభాగం వెనక్కి వచ్చాయి. పొద్దుటి ఫలహారం సన్నివేశం ఒకటుంది. ఆమె కొత్త పదవి గురించి చెబుతుంది, అతను "మంచిది" అంటాడు, తర్వాత దాదాపు నలభై సెకన్లు ఇద్దరూ తింటారు. నా కట్‌లో అది పదకొండు సెకన్లు, మధ్యలో ఫోను. పూర్తి టేకులో అతను రెండోసారి "మంచిది" అనబోయి, ఆగి, చట్నీ గిన్నె ఆమె వైపు జరుపుతాడు. ఆ జరపడాన్ని నేనే కోసి పారేశాను. సినిమా మొత్తంలో అతను ఆమెకు చెప్పుకున్న క్షమాపణ అదొక్కటే.

కానీ ఫోను పోయినంత మాత్రాన సరిపోదు. మన ప్రేక్షకుడు కారణం వెతుకుతాడు, ఫోను లేకపోతే ఇంకోటి దొరుకుతుంది. ఏమవుతుందో అన్న ప్రశ్నే పుట్టకుండా చెయ్యాలి. ఇక్కడ మళ్లీ లీన్ గుర్తొచ్చాడు. 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' మొదలయ్యేదే చివరి కలయికతో. రైల్వే స్టేషను టీ గదిలో ఇద్దరు కూర్చుని ఉంటారు, వాగుడుకాయ పరిచయస్థురాలు ఒకామె వచ్చి మధ్యలో దూరుతుంది, అతను లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోతాడు. మనకేమీ అర్థం కాదు. కథంతా తెలిశాక చివర్లో అదే ఘట్టం మళ్లీ వస్తుంది, ఆ చెయ్యి బరువు అప్పుడు తెలుస్తుంది.

మా సినిమా చివర్లో ఇల్లు ఖాళీ చేసే సన్నివేశం ఉంది. స్టీలు సామాను పంచుకుంటారు. పెళ్లినాడు స్నేహితులు ఇచ్చినవి, ప్రతిదాని మీదా ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. పేరు చదవడం, ఎవరి స్నేహితులైతే వాళ్ల వైపు పెట్టడం. కుక్కరు ఆమెకు ఇస్తూ "గాస్కెట్ మార్చాలి" అంటాడు. ఒక పళ్లెం మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. అది అటక మీదే ఉండిపోతుంది. ఈ సన్నివేశంలోంచి రెండు నిమిషాలు తీసి సినిమా మొదట్లో పెట్టాను, పళ్లెం కనిపించేలోపు ఆపేశాను. విడిపోతారని మొదటి దృశ్యంలోనే తెలిసిపోతుంది. ఎవరితో, ఎందుకు అన్న వెతుకులాటకు చోటు ఉండదు. ఇక చూడ్డానికి మిగిలేది వాళ్లిద్దరే.

నిర్మాత భయపడ్డారు. "క్లైమాక్సు ముందే చెప్పేస్తే ఇంకేం చూస్తారండీ?" న్యాయమైన భయమే. మళ్లీ ముగ్గురేసి చొప్పున కొత్త మనుషులను కూర్చోబెట్టి అవే ఆరు చోట్ల ఆపాను. ఈసారి జవాబులు వేరు. ఎవరూ రాబోయేది చెప్పలేదు, జరిగినదాని గురించే మాట్లాడారు. "వాడు ఆ నోటుపుస్తకం ఎందుకు దాచాడు?" అని ఒకాయన. ఆయన భార్య ఆయన వైపు చూసిన చూపును నేను ఇక్కడ రాయను.

ఇంటర్వెల్ మీద అన్నిటికన్నా ఎక్కువ వాదించుకున్నాం. తెలుగు సినిమాకు విశ్రాంతి ముందు ఒక బ్యాంగ్, అంటే ఉలిక్కిపడే మలుపు, ఉండాలన్నది శాసనం లాంటిది. పాత కట్‌లో అది అర్ధరాత్రి వెలిగిన ఫోను. అంటే పదిహేను నిమిషాల సేపు పాప్‌కార్న్ తింటూ జనం దాని గురించే అనుకోవాలని మేమే చెప్పి పంపాం. దాని బదులు కరెంటు పోయిన రాత్రి సన్నివేశం దగ్గర ఆపుదామన్నాను. చీకట్లో అతను పాత నాటకంలో మాటలు చెబుతాడు, ఆమెకు కూడా కంఠతా వచ్చు, ఇద్దరూ పగలబడి నవ్వుతారు, కరెంటు వస్తుంది. బ్యాంగ్ లేదు. విడిపోతారని ముందే తెలిసినవాళ్లకు ఆ నవ్వు చాలు. దర్శకుడు వెంటనే ఒప్పుకున్నాడు, నిర్మాత పంపిణీదారులకు చూపించాకే ఒప్పుకున్నారు.

ఇంకో చిన్న సంగతి. అతను బాల్కనీలో సిగరెట్ కాల్చే చోట్లు మూడు. కాల్చినంతసేపూ చట్టప్రకారం తెర అడుగున హెచ్చరిక అక్షరాలు ఉండాలి. సందడి సినిమాలో అవి ఎవరికీ ఆనవు. ఈ సినిమాలో మాత్రం ముఖం మీద నిలవాల్సిన కన్ను నేరుగా ఆ అక్షరాల మీదకు పోతోంది. రెండు చోట్ల సిగరెట్ వెలిగించకముందే కట్ చేశాను, మూడోదాన్ని మొత్తం తీసేశాను.

చివరి నిడివి 133 నిమిషాలు.

విడుదల

ఇక్కడ నేను గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. సినిమా థియేటర్లలో నిలబడలేదు.

కారణాల్లో కొన్ని మా చేతిలో లేనివి. ఆ శుక్రవారమే ఇంకో పెద్ద సినిమా ఉంది, మాకు దొరికినవి ఎక్కువగా మధ్యాహ్నం ఆటలు. ఒక కారణం మాత్రం మా చేతిలోదే. ట్రైలరు వేరే బృందం చేసింది, నా 112 నిమిషాల కట్ నుంచి. వాళ్లకు అందులో పట్టుగా కనిపించింది ఏదో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అర్ధరాత్రి ఫోను వెలుగుతుంది, భర్త కళ్లు తెరుస్తాడు, తెర నల్లబడుతుంది. పోస్టరు మీదేమో వానపాటలో ఇద్దరూ నవ్వుతున్న బొమ్మ. ఒకటి చూసినవాళ్లు సస్పెన్సు కోసం, రెండోది చూసినవాళ్లు ప్రేమకథ కోసం వచ్చారు. రెండు వారాల పాటు ఎడిటింగు గదిలో తుడిచిన ప్రశ్నను మేమే మళ్లీ జనం చేతిలో పెట్టి హాల్లోకి పంపాం. సినిమా రీకట్ అయ్యాక ట్రైలరు కూడా మార్చాలని అడగడం నాకు తట్టలేదు. నా పని సినిమాతో అయిపోయిందనుకున్నాను.

మొదటి రోజు ఒక సింగిల్ స్క్రీన్లో మ్యాట్నీ చూశాను. విశ్రాంతి దాకా కుర్రవాళ్లు ఉన్నారు, తర్వాత సగం సీట్లు ఖాళీ. అదే రాత్రి మల్టీప్లెక్సులో ముప్పై మంది లోపే ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. చట్నీ గిన్నె జరిపిన చోట ఎవరో గట్టిగా నిట్టూర్చారు. సమీక్షలూ అలాగే చీలాయి. సాగదీత అన్నవాళ్లు, నటనను ఆకాశానికెత్తినవాళ్లు, రెండూ ఒకే వాక్యంలో రాసినవాళ్లు.

శనివారం రాత్రి నిర్మాత ఫోను చేసి పదిహేను నిమిషాలు తగ్గిద్దామన్నారు. వద్దన్నాను. సెన్సారు సర్టిఫికెట్ వచ్చాక ఏది తీసినా, కలిపినా బోర్డుకు చెప్పి ఆమోదం తీసుకోవాలి. ఆ తర్వాత మళ్లీ మాస్టరింగు చేసి, అంటే థియేటర్లలో వేసే ఫైలు తయారు చేసి, అక్కడి సర్వర్లకు పంపాలి. ఇదంతా అయ్యేసరికి సోమవారం ఆటలు రద్దవుతాయి. పైగా ఆ 112 నిమిషాల కట్ ఏం చేసిందో ఆయన కళ్లారా చూశారు. "మీకేం సార్, వడ్డీ మీరు కడుతున్నారా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కట్ మాత్రం చెయ్యలేదు. సోమవారం చాలా చోట్ల ఆటలు పోయాయి.

కొన్ని నెలల తర్వాత సినిమా ఓటీటీలోకి వచ్చింది. అక్కడ ట్రైలరు చూసి వచ్చేవాళ్లు తక్కువ, ఎవరో చెబితే చూసేవాళ్లు ఎక్కువ. చెప్పేవాళ్లు చెప్పిన తీరు కూడా మారింది. "విడిపోయే మొగుడూ పెళ్లాల కథ, నెమ్మదిగా ఉంటుంది, చూడు" అన్నారట. మా మొదటి దృశ్యం చెయ్యాల్సిన పనిని ఆ ఒక్క మాట ముందే చేసేసింది. దర్శకుడికి అమెరికాలో ఉండే ఒకామె నుంచి ఉత్తరం వచ్చింది, తెలుగులో, చేత్తో రాసి ఫోటో తీసి పంపింది. తనూ భర్తా ఒకే ఇంట్లో ఉంటూ వేర్వేరు రాత్రులు ఈ సినిమా చూశామనీ, ఇద్దరూ ఆ సంగతి చాలా రోజులు చెప్పుకోలేదనీ రాసింది. ఓటీటీ డబ్బుతో నిర్మాతకు అప్పులో కొంత తీరింది, మొత్తం కాదు.

ఇప్పుడు మార్చుకున్న పద్ధతులు

ఎవరైనా లాగ్ అంటే ఇప్పుడు నిడివి చూడను, ప్రేక్షకుడు దేనికోసం ఎదురుచూస్తున్నాడో అడుగుతాను. అతుకు కప్పడానికి వేసే ప్రతి క్లోజప్‌కూ టైమ్‌లైన్‌లో వేరే రంగు పెడుతున్నాను. ఒకే వస్తువు మూడుసార్లకు మించి కనిపిస్తే ఆగి, ఇది కథా, గుడ్డముక్కా అని చూసుకుంటాను. కుదించిన కట్‌ను ప్రివ్యూ అయ్యేదాకా ఎవరికీ ఇవ్వను, ముఖ్యంగా ట్రైలరు చేసేవాళ్లకు. ఒప్పందంలోనే ఆ మాట రాయిస్తున్నాను. మొన్న ఒక నిర్మాత దానికి నవ్వారు, సంతకం మాత్రం పెట్టారు.

అందరూ నాకు మెచ్చుకోలు ఇచ్చే మొదటి దృశ్యం విషయంలో మాత్రం నాకింకా సందేహం ఉంది. ముగింపును ముందు పెట్టడం వల్ల మధ్యలో ఒక సన్నివేశం, ఆమె పుట్టింటికి వెళ్లి ఏమీ చెప్పకుండా తిరిగొచ్చేది, నీరుగారింది. ముందు కట్‌లో అక్కడ అమ్మకు చెబుతుందా లేదా అన్న ఒక బిగి ఉండేది. దాన్ని కాపాడే దారి నాకు దొరకలేదు. దర్శకుడికి కూడా ఆ సన్నివేశమే ఎక్కువ ఇష్టం.

ఆ ట్రైలరు ఇంకా అంతర్జాలంలో ఉంది. పోయిన నెల మా బావమరిది సినిమా చూసి ఫోను చేశాడు. బాగుంది బావా అని, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివర్లో అడిగాడు: "అర్ధరాత్రి ఫోను చేసింది ఎవరు? నేను నిద్రపోయానా, ఆ సీనే లేదా?"